ఆరడుగుల ట్యాంకు, మూడో పిన్ను

పోయిన నెల మా పక్క గల్లీ లావణ్య ఇంటికొచ్చింది. బీఎస్సీ జువాలజీ పూర్తి చేసి, ఛత్రినాకలో నేను తొమ్మిదేళ్లు పనిచేసిన అక్వేరియం షాపులో చేరింది. అదే కుర్చీ, అదే పని. నోట్‌బుక్కు తెరిచి ఒకటే అడిగింది.

"అక్కా, ఆరడుగుల ట్యాంకుకు తక్కువల మంచి లైటు ఏది వెయ్యాలె? వచ్చినోళ్లందరు గదే అడుగుతున్రు."

చెప్పాను. పది నిమిషాల్లో అయిపోయింది. పుస్తకం మూసి టీ తాగుతూ, మాటల్లో మాటగా అంది: "లైటు దగ్గర మస్తు జాగ్రత్తగ ఉండాలని సేటు మొదటి రోజే చెప్పిండు. ఎనుకట షాపుల ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఉండెనంట గదా. ఒకామెను చంపినంత పని చేసిండంట."

 టీ చల్లారిపోతుంది తాగమన్నాను.

ఆమెకు ఆ రోజు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ముప్పై మూడేళ్ల వయసులో రిటైరైనదాన్నంటే నవ్వుతారు. కానీ ఆ పనికి మళ్లీ వెళ్లను, నన్ను పిలిచేవాళ్లూ లేరు. అంతకంటే రిటైర్మెంటు ఏముంటుంది? పాప పడుకున్నాక రోజుకు కొంచెం రాస్తున్నాను. లావణ్య కోసం, ఆమెలా డిగ్రీ చేతబట్టుకుని ఇళ్లకు వెళ్లి ట్యాంకులు పెట్టించే పనిలో చేరే పిల్లల కోసం. జీతం ఎప్పుడు పెరిగిందో, సెలవులు ఎన్నో ఇందులో ఉండవు.

లైటు ఎవరి కోసం

ముందు ఆమె అడిగినదానికి జవాబు.

చేపకు పెద్ద లైటు అక్కర్లేదు. కిటికీ వెలుతురుతో అది బతుకుతుంది. లైటు మనం చూడటానికి. ట్యాంకులో మొక్కలుంటే మాత్రం లైటు వాటి తిండి. కాబట్టి కస్టమర్‌ను మొదట అడగవలసింది "బడ్జెట్ ఎంత" అని కాదు, "మొక్కలు పెడతారా" అని. పెట్టమంటే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది.

ఆరడుగుల పొడవు, రెండడుగుల లోతు ట్యాంకుకు అక్వేరియం పేరు రాసి ఉన్న ఫ్యాన్సీ లైటే కావాలని లేదు. ఇంట్లో గోడకు బిగించే ఎల్‌ఈడీ ట్యూబులు చాలు. నాలుగడుగులది ఒకటి, రెండడుగులది ఒకటి వరసగా పెడితే ఆరడుగులకు సరిపోతుంది. మొక్కలుంటే రెండు వరసలు. డబ్బా మీద "కూల్ డేలైట్" అని, ఆరువేల ఐదువందల కెల్విన్ అని ఉన్నది తీసుకోవాలి. పసుపు వెలుతురులో నీళ్లు మురికిగా కనిపిస్తాయి. ఎన్ని వాట్లని కాదు, ఎన్ని ల్యూమెన్లని, అంటే ఎంత వెలుతురిస్తుందని చూడాలి. ట్యూబులు వద్దనుకుంటే, వాన పడినా తట్టుకునేలా సీలు చేసిన ఫ్లడ్‌లైట్లు రెండు, నీటికి అడుగు పైన వేలాడదీస్తే చాలు. రోజుకు ఎనిమిది గంటలు వెలగాలి. అంతకు మించి వెలిగితే నాచు పడుతుంది. చిన్న టైమరు పెట్టేస్తే ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడిదాకా లావణ్య రాసుకుంది. దీని తర్వాతిది ఏ షాపులోనూ ఎవరూ రాయించరు. ట్యాంకుకూ లైటుకూ మధ్య గాజు మూత ఉండాలి. వైరు బోర్డులోకి నేరుగా పోకూడదు, ముందు కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, అప్పుడు వైరు మీద జారిన నీటి చుక్క నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. బోర్డులో ఎర్త్ ఉందో లేదో టెస్టరు పెట్టి చూడాలి. కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయే బ్రేకరు ఇంట్లో లేకపోతే పెట్టించుకోమని చెప్పాలి. ఎంత చవక లైటైనా పరవాలేదు, ఈ నాలుగింటిలో ఏదీ వదలకూడదు.

ఇవన్నీ నాకు కాలేజీలో చెప్పినవి కావు. షాపు యజమాని చెప్పినవి అంతకన్నా కావు.

సేటు నేర్పింది

మా సేటు పేరు నర్సింగ్. తాతల నాటి నుంచి వ్యాపారం చేస్తున్న కుటుంబం. మనిషి చెడ్డవాడని రాస్తే అబద్ధమవుతుంది. నా మీద ఎప్పుడూ అరవలేదు, బోనాలకు చీర పెట్టేవాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం షాపు లైటు.

షాపులో చేపల ట్యాంకుల మీద గులాబీ రంగు ట్యూబులు ఉంటాయి. ఆ వెలుతురులో పాలిపోయిన చేప కూడా పండు మిరపకాయలా కనిపిస్తుంది. జనం ఆ ఎరుపు చూసి కొంటారు. ఇంటికి తీసుకెళ్లి తెల్ల లైటు కింద వదలగానే వెలిసిపోతుంది. వారం తిరక్కుండా వెనక్కి వస్తారు. వాళ్లకు చెప్పవలసింది సేటు నాకు నేర్పాడు: "మీ నీళ్లల్ల తేడా ఉంది."

గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ గవర్నమెంటాఫీసులో పనిచేసే ఒకాయన, ఆరు చేపలు కొని పదో రోజు వచ్చాడు. ఫోన్లో ఫోటో చూపించి, "ఏమ్మా, మీ దగ్గర ఎర్రగా ఉన్నాయి, మా ఇంటికొచ్చి జ్వరం పడ్డాయా ఏంటి?" అని నవ్వుతూనే అడిగాడు. మీ నీళ్లలో తేడా ఉందన్నాను. ఆయన నమ్మాడు. ఎందుకంటే నేను జువాలజీ చదివానని గోడ మీద సర్టిఫికెట్ ఉంది. సేటు దాన్ని ఫ్రేము కట్టించి మరీ పెట్టాడు. నా చదువు ఆ షాపులో చేసిన పని అదే. ఆయన నీళ్ల మందు రెండు సీసాలు కొనుక్కుని వెళ్లాడు.

అట్లాంటి అబద్ధాలు ఎన్ని చెప్పానో నాకు గుర్తు లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అనుకునేదాన్ని. నాలుక అలవాటు పడటం అప్పుడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

యూసుఫ్ భాయ్ నేర్పింది

పైన రాసిన నాలుగు జాగ్రత్తలూ యూసుఫ్ భాయ్‌వి. షాపు లైట్లన్నీ బిగించేది ఆయనే. నేను చేరేనాటికే ఆయనకు యాభై దాటింది. నేను ఇంటికెళ్లి ట్యాంకు ఎక్కడ పెట్టాలో, చేపలు ఏవో, లైటు ఏదో చెప్పాలి. ఆయన బిగించాలి. స్విచ్చు వేయమని చెప్పేది మాత్రం నేను. అది షాపు పద్ధతి. ఆయనకు నాకంటే ఎంతో ఎక్కువ తెలిసినా, "మేడం చెప్తనే వెయ్యాలె" అని సేటు నియమం.

మొదటి నెలలోనే ఒక ఇంట్లో ఆయన బోర్డు విప్పి నన్ను పిలిచాడు. పైన మూడు రంధ్రాలు ఉన్నాయి, వెనక రెండు వైర్లే ఉన్నాయి.

"దేఖో బేటీ. మూడో పిన్ను ఉత్తగ సూపెట్టుడుకే. ఈడి పాత ఇండ్లల్ల సగం గిట్లనే ఉంటయ్. మూడు బొక్కలు సూసి మోసపోకు."

అప్పటి నుంచి ప్రతి ఇంట్లో టెస్టరు పెట్టి చూసేవాడు. ఎర్త్ లేకపోతే లైటు ముట్టేవాడు కాదు. ఆయనతో తిరిగినన్నాళ్లు ఎన్ని ఇళ్లు చూశామో చెప్పలేను, ఒక్క ఇంట్లో కూడా ఎవరికీ చిన్న షాకు కొట్టలేదు. ఒక్క ఇల్లు తప్ప. ఆ ఇంట్లో ఆయన మాట నేను వినలేదు.

ఉప్పుగూడ ముహూర్తం

ఉప్పుగూడలో కిరాణా షాపు నడిపే కుటుంబం. ఇంటావిడ పేరు అండాళమ్మ. ఇల్లు పాతది, ముందు గదిలో ఈశాన్యం మూల పెద్ద ట్యాంకు పెట్టి అరోవానా చేపను వేస్తే కలిసివస్తుందని వాళ్ల పంతులు చెప్పాడు. ట్యాంకుకూ చేపకూ బాగా ఖర్చుపెట్టారు. అందరూ చేసే పనే ఇది. లైటు ఎప్పుడూ ఆఖర్న గుర్తొస్తుంది, అప్పటికి చేతులు ఖాళీ అవుతాయి.

తక్కువలో ఏదైనా చూడమన్నారు. నేను ట్యూబులు, గాజు మూత అన్నాను. సేటు ఒప్పుకోలేదు. ఆయన అప్పుడే సొంతంగా లైట్లు తయారు చేయిస్తున్నాడు. అల్యూమినియం ఫ్రేము, లోపల ఎల్‌ఈడీ పట్టీలు, దాన్ని తీసుకెళ్లి ట్యాంకు అంచుల మీద కూర్చోబెట్టడమే. చూడటానికి బాగుంటుంది, ధర తక్కువ. గాజు మూత పెడితే ఆ ఫ్రేము కూర్చోదు, కాబట్టి మూత ఉండదు. కింద నీళ్లు, పైన లోహం, మధ్యలో ఏమీ లేదు.

శుక్రవారం పదకొండు లోపల ముహూర్తం. వెళ్లేసరికి చుట్టాలు కూర్చుని ఉన్నారు. ట్యాంకుకు పసుపు కుంకుమ పెట్టారు. యూసుఫ్ భాయ్ బోర్డు విప్పి నన్ను పక్కకు పిలిచాడు. రెండు వైర్లే ఉన్నాయి.

"నక్కో బేటీ, వద్దు. మూత లేదు, ఎర్త్ లేదు. పొద్దుమీకు లోపల మీటర్ దగ్గరికెల్లి వైర్ గుంజి ఇస్త. అప్పుడు వేద్దాం."

సాయంత్రానికి ముహూర్తం ఎక్కడుంటుంది? సేటుకు ఫోన్ చేశాను. ఆయన విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు కోపం వచ్చేదేమో, ఎదురు చెప్పేదాన్నేమో. నెమ్మదిగా అన్నాడు: "శుభమా అని లైటు పెట్టుకుంటున్రు. గిప్పుడు కరెంటు లొల్లి ఎందుకమ్మా? వేపియ్యి. ఎర్త్ రేపు జూస్తం."

గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చుట్టాలంతా మమ్మల్నే చూస్తున్నారు. నేను యూసుఫ్ భాయ్‌తో అన్నాను: "వెయ్యి భాయ్. రేపొచ్చి ఎర్త్ గుంజుదువు."

ఆయన ఒక్క నిమిషం టెస్టరు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత బిగించాడు. అండాళమ్మ భర్త స్విచ్చు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వెలుతురులో చేప నిజంగా బంగారంలా ఉంది.

మేం బయల్దేరుతుంటే అండాళమ్మ గుమ్మం దాకా వచ్చి అడిగింది. "బిడ్డా, ముహూర్తం జూసి పెట్టిన లైటు గదా. ఆర్పొచ్చునా? ఆర్పితే మంచిది కాదంటున్రు మావోళ్లు."

ఎనిమిది గంటలకు మించి ఉంచొద్దమ్మా, చెయ్యి పెట్టేముందు తప్పకుండా ఆర్పమ్మా అని చెప్పవలసింది నేను. అది నా పని. నా సర్టిఫికెట్ ఉన్నదే అందుకు. కానీ కస్టమర్ల నమ్మకాల జోలికి పోవద్దని సేటు ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. చుట్టాలు వింటున్నారు. నాకప్పుడు ఐదో నెల, ఎండలో నిలబడి నడుము లాగుతోంది.

"మీ ఇష్టం అమ్మా" అన్నాను.

మర్నాడు ఎర్త్ సంగతి సేటుకు గుర్తుచేశాను. ఎర్త్ మన పని కాదు, ఇంటివాళ్ల పని అన్నాడు. వాళ్లకు ఆ మాట చెప్పారా అని అడగలేదు. నేనే ఫోన్ చేసి చెప్పొచ్చు, చేయలేదు. యూసుఫ్ భాయ్‌ను ఆ రోజు వేరే పనికి పంపారు.

ఎక్స్‌రే

మూడో వారం. లైటు ఒక్కసారి కూడా ఆర్పలేదు కాబట్టి ట్యాంకు అద్దాలకు పచ్చగా నాచు పట్టింది. అండాళమ్మ స్టూలు ఎక్కి, లైటు వెలుగుతుండగానే, ఒక చెయ్యి నీళ్లలో పెట్టి పీచుతో రుద్దుతోంది. పడిపోకుండా రెండో చేత్తో ఫ్రేము పట్టుకుంది. మూడు వారాల ఆవిరికి లోపల తడి చేరి, ఆ లోహంలోకి కరెంటు వచ్చి ఉంది. ఎర్త్ ఉంటే ఫ్యూజు పోయేది. లేదు కాబట్టి ఆమె చేతిలోకి వెళ్లింది. స్టూలు మీది నుంచి వెనక్కి పడింది. పడబట్టే బతికిందన్నారు డాక్టర్లు. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

భర్త ఎక్స్‌రే పట్టుకుని షాపుకు వచ్చాడు. కేకలు రోడ్డు మీదికి వినిపించాయి. సేటు ఆయన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, యూసుఫ్ భాయ్‌ను పిలిపించాడు.

"గీయనే బిగించింది. తెలిసిన పనోడు గదా అని నేను నమ్మిన. గీయన్నే అడుగుండ్రి."

యూసుఫ్ భాయ్ నా వైపు చూశాడు. నేను కౌంటరు పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. వెయ్యమన్నది నేను, ఆర్పకపోయినా ఫరవాలేదన్నట్టు మాట్లాడింది నేను, ఎర్త్ లేదని తెలిసీ ఫోన్ చేయనిది నేను. ఎదురుగా సేటు. నాలుగు నెలల్లో కాన్పు, ఉద్యోగం పోతే ఎట్లా, సెలవు ఇవ్వకపోతే ఎట్లా. నా తలలో తిరిగినవి అవే. ఆ నిమిషంలో అండాళమ్మ చెయ్యి నాకు గుర్తు రాలేదు. ఇది దాచుకోకుండా రాస్తున్నాను.

యూసుఫ్ భాయ్ అన్నాడు: "బేటీ, నువ్వు కూర్చో. నిలబడకు."

కూర్చున్నాను.

తర్వాత ఆయన ఆ భర్త వైపు తిరిగి, మాఫ్ చెయ్యమని, వచ్చి అంతా సరిచేస్తానని చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి సేటు ఆయన్ను పిలవడం మానేశాడు. ఆ రోడ్డు మీద మరో నాలుగు షాపులున్నాయి, వాళ్లూ మానేశారు. లైట్లు బిగించడంలో ఆ చుట్టుపక్కల ఆయనకున్న పేరు ఒక్క మధ్యాహ్నంలో పోయింది.

నేను కాపాడుకున్న ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. పాపకు నాలుగో నెల వచ్చాక షాపుకు వెళ్తే నా కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. "చిన్న పిల్ల తల్లివి, ఇండ్లెంబడి ఎట్ల తిరుగుతవమ్మా" అన్నాడు సేటు, అదే నెమ్మదైన గొంతుతో. నా సర్టిఫికెట్ ఫ్రేముతో సహా కవర్లో పెట్టి ఇచ్చాడు. గోడ మీద దాని మచ్చ మిగిలింది.

రెండిళ్లు

పాపకు ఇప్పుడు రెండేళ్లు. వేళ్లు ఎక్కడ దూరితే అక్కడ పెడుతుంది. మా ఇంట్లో కింది బోర్డులన్నిటికీ టేపు వేశాను. పడుకునే ముందు లేచి మళ్లీ చూస్తాను, మా ఆయన నవ్వుతాడు. ఆయనకు ఉప్పుగూడ సంగతి సగమే తెలుసు. లావణ్య చెప్పిన మాట విన్నాక ఆ టేపులు చూడటం కూడా నాకు నటనలా అనిపించింది. ఇప్పుడు ఆ కథ షాపులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ పాఠం. అందులో యూసుఫ్ భాయ్ చేతకాని ముసలివాడు. నేను లేనే లేను.

ఆదివారం ఉప్పుగూడ వెళ్లాను. అండాళమ్మ చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. ట్యాంకు లేదు, ఆ మూల బియ్యం బస్తాలున్నాయి. తప్పు నాదని, వెయ్యమన్నది నేనని, ఆర్పమని చెప్పనిది కూడా నేనేనని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మా ఆయన షాపుకు పోయొచ్చిన తెల్లారే ఆ భాయ్ వచ్చిండు బిడ్డా. మీటర్ కాడికెల్లి ఎర్త్ వైరు గుంజి, ఇల్లంత సరిజేసి పోయిండు. పైస ముట్టలే. తప్పు నాదే, నేను బిగించకుండ ఉండాల్సుండె అని చేతులు పట్టుకున్నడు."

కాదు, ఆయన తప్పేమీ లేదన్నాను.

"అయితే పోయి ఆయనకు చెప్పు. నాకెందుకు చెప్తున్నవ్?"

మంచినీళ్లు కావాలా అని కూడా అడగకుండా లేచి లోపలికి పోయింది.

బుధవారం పాపను చంకనేసుకుని చాంద్రాయణగుట్ట వెళ్లాను. ఫ్లైఓవరు పక్క గల్లీలో చిన్న మడిగెలో దుకాణం. యూసుఫ్ భాయ్ ఇప్పుడు మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేస్తున్నాడు. నన్ను చూశాడు, నా చేతిలో పాపను చూశాడు. ఏమీ అనకముందే అరుగు మీదున్న టెస్టరు, విప్పిన వైర్లు తీసి పైన అరలో పెట్టాడు.

దారంతా అనుకున్న మాటలు వరసగా చెప్పేశాను. సేటు ముందు చెప్పాల్సిందని, భయపడ్డానని, లావణ్యకు నిజం చెప్తానని, కావాలంటే ఛత్రినాక షాపులన్నిటికీ వెళ్లి చెప్తానని. ఆయన మిక్సీ అడుగు మరలు విప్పుతూ విన్నాడు.

"మీకు అన్నీ తెలుసు గదా భాయ్," అన్నాను. "ఆ రోజు మీరే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన," అన్నాడు.

అంతే. మళ్లీ మర మీదికి వంగాడు. ఆయన పక్కనే ప్లాస్టిక్ స్టూలు ఖాళీగా ఉంది. పాప బరువుకు చెయ్యి లాగుతోంది. ఈసారి కూర్చోమనలేదు.